ఎడమక్క వచ్చింది

ఆ మేడమీది నగల పని హాల్లో ఎక్కడ రాయి పగిలినా అందరి నోటా ఒకటే మాట: "ఎడమక్క వచ్చిందిరోయ్!" ఆ వెంటనే నవ్వులు. పగలగొట్టినవాడు తల పట్టుకుంటాడు, పక్కవాడు వీపు తడతాడు, ఎవరో ఒకరు మెట్లవైపు తిరిగి "దయచెయ్యి తల్లీ, ఇవాళ్టికి ఇది చాలు" అని దణ్ణం పెడతారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఎడమక్క అంటే ఏదో దయ్యం అనుకుంటారు. అనుకున్నా పెద్ద తప్పులేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ హాల్లో ఆవిడ చేత చేయిస్తున్న కొలువు అదే.

నవ్వని మనిషి ఒక్కతే. మూడో కిటికీ కింద కూర్చునే చిన్నక్క. ఎడమక్క ఆవిడ తోడబుట్టిందని పాతవాళ్ళందరికీ తెలుసు. "సొంత అక్కని అన్నేసి మాటలంటున్నా పల్లెత్తు మాట అనదు, ఎంత ఓర్పో చూడండి" అని చెప్పుకుంటారు. ఓర్పూ లేదు, పాడూ లేదు. తేలు కుట్టిన దొంగ కూడా అలాగే నోరు మూసుకుని కూర్చుంటాడు.

చిన్నక్క పని గూళ్ళు కట్టడం. పిట్టగూళ్ళు కాదు, రాళ్ళకి. ఉంగరంలో గాని కమ్మలో గాని రాయి కూర్చోవాలంటే దాని చుట్టూ సన్నని వెండి గోడ ఉండాలి కదా, అదీ గూడు. రాయి వేలిగోరంత ఉంటుంది. దాని చుట్టూ తిప్పే రేకు కాగితం కంటే కాస్త మందం, అంతే. రేకు చుట్టి, కొసలు కలిసేచోట గీత పెట్టి కోస్తుంది. వెంట్రుకవాసి ఎక్కువైతే రాయి లోపల గలగలమంటుంది, వెంట్రుకవాసి తక్కువైతే అసలు దిగనే దిగదు. కొసలు రెండూ ఆకురాయితో సాపుచేసి, ఆనించి, కిటికీ వెలుతురుకి పట్టి చూస్తుంది. సందులోంచి వెలుగు కనపడిందంటే మళ్ళీ మొదటికి. టంకం అతుకుతుంది గాని సందు పూడ్చదు. అతుకు కుదిరాక గోడని అడుగు రేకుమీద నిలబెట్టి మళ్ళీ మంట చూపిస్తుంది. అడుగున చిన్న చిల్లు పెడుతుంది, సరిపోయిందో లేదో చూద్దామని దించిన రాయి ఇరుక్కుంటే వెనకనుంచి పుల్లతో తోయడానికి.

ఇదంతా ఒక ఎత్తు, చివరి నొక్కు ఒక ఎత్తు. రాయిని లోపల కూర్చోబెట్టి, ఉక్కు పుల్లతో గోడ అంచుని దానిమీదకి వంచాలి. గుండ్రంగా తిరుగుతూ పోకూడదు. ఇటు ఒక నొక్కు, సరిగ్గా దానికి ఎదురుగా అటు ఒక నొక్కు. పైన ఒకటి, కింద ఒకటి. ఒకే పక్క వరసగా నొక్కుకుంటూ పోతే రాయి అవతలి గోడకి జరిగి ఒరుగుతుంది. ఒరిగిన రాయిమీద ఎదుటినుంచి బలం పడిందా, అంతే సంగతులు.

ఆ నొక్కులో చిన్నక్కని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడ చేతిలో ఒక్క రాయి పగల్లేదు. మిగతా ఆరు బల్లలవాళ్ళు చెయ్యి పెట్టడానికి భయపడే పెళుసు రాళ్ళన్నీ చివరికి ఆవిడ పళ్ళెంలోకే చేరతాయి. ఆ చేతికి ఏం మంత్రం ఉందో అంటారు. మంత్రం ఏమీ లేదు. నాలుగో నొక్కు దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి 'టప్' అని వినిపిస్తుంది. రాయి పగలదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఎడమపక్కన ఎవరో స్టూలు లాక్కుని కూర్చుని తన చేతినే చూస్తున్నట్టుంటుంది. తల తిప్పి చూడదు. అలా చూడకుండా రోజుకి ఏడెనిమిది గూళ్ళు ముగిస్తుంది.

చిన్నప్పుడు ఆ పక్కన నిజంగానే అక్క కూర్చునేది. తల్లీ తండ్రీ పోతే ఇద్దర్నీ ఈ హాలు యజమాని అయిన మేనమామ తెచ్చి పెంచాడు, పని నేర్పాడు. పెద్దదానిది ఎడమచేతి వాటం. ఆ పిల్ల కోసం పనిముట్లన్నీ అటునుంచి ఇటు సర్ది, దీపం కూడా రెండో పక్కకి మార్పించాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే ఒకే మనిషి అద్దంలో చూసుకుంటున్నట్టు ఉండేది. పనిలో పెద్దదే మేలు. ఆ సంగతి పెద్దదానికి పట్టేది కాదు, చిన్నదానికి మాత్రం నిద్రలో కూడా గుర్తుండేది.

చిన్నదానికి పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక చంద్రకాంతం రాయి వచ్చింది. పాలలో నీలం కలిసినట్టుంటుంది, చూడ్డానికి మెత్తన, నొక్కితే మహా పెళుసు. అక్క బయటికి వెళ్ళింది. వచ్చేలోపు ముగించి చూపిద్దామని చిన్నది ఆత్రపడింది. ఒకే పక్క మూడు నొక్కులు వరసగా నొక్కి, నాలుగోది ఎదుటినుంచి వేసింది. టప్. కుడి కింది అంచునుంచి నడిమి దాకా పగులు పాకింది. హాల్లో చప్పుడు ఎవరికీ వినపడలేదు. చిన్నది ఇటూ అటూ చూసింది. ఆ ఉంగరాన్ని తీసి అక్క పళ్ళెంలో, మిగతా పనుల అడుగున పెట్టేసింది.

ఆ హాల్లో కట్టుబాటు ఒకటే: ఎవరి పళ్ళెంలో ఉన్నది వాళ్ళదే. వంకలు చెల్లవు, సాక్షులు అక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే మామయ్య ఆ పళ్ళెం తిరగేశాడు. రాయి కిటికీకి పట్టి చూశాడు. పెద్దదాన్ని అడిగాడు. "పగిలింది మామయ్యా" అంది ఆ పిల్ల. అంతే, ఇంకో మాట లేదు. "ఎడమచేతికి రాళ్ళు ఇవ్వొద్దని అందరూ చెప్తూనే ఉన్నారు, నేనే వినలేదు. లే, బల్ల దగ్గర్నుంచి లే" అన్నాడు. ఆ ఉంగరం కూడా ఆమెకే ఇచ్చేశాడు, తప్పు వేలికే ఉండాలని.

అక్క ఇస్త్రీ కొట్లో పనికి కుదిరింది. పెళ్ళి చేసుకుంది, ఒక కూతురు పుట్టింది. చెల్లెలింటికి వచ్చేది, పోయేది, నవ్వుతూ మాట్లాడేది. మళ్ళీ ఆ మెట్లు మాత్రం ఎక్కలేదు. ఉంగరం వేలినుంచి ఒక్కరోజు తీయలేదు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నప్పుడల్లా అది గ్లాసుకి తగిలి టింగుమనేది, చిన్నక్క ప్రాణం చివుక్కుమనేది. అక్కకి అసలు సంగతి తెలియదులే అన్నదొక్కటే ఆవిడకి ఊరట. తెలిస్తే ఊరుకుంటుందా, ఎప్పుడో ఒకప్పుడు అడగదా? ఆరేళ్ళ కిందట అక్క పోయింది. ఏమీ అడక్కుండానే పోయింది.

ఇప్పుడు అక్క కూతురు వచ్చింది.

ఆ పిల్ల ఆ హాల్లో అడుగు పెట్టడం అదే మొదలు. ముప్ఫైకి దగ్గరపడిన మనిషి, బడిలో లెక్కలు చెప్తుంది. ఆమె ఆఖరి మెట్టు ఎక్కిన క్షణాన్నే అయిదో బల్ల దగ్గర రాయి ఒకటి టప్‌మంది. హాలంతా ఒక్క గొంతుతో "ఎడమక్క వచ్చిందిరోయ్!" అంది. మెరుగు పెట్టే ముసలాయన మెట్లవైపు తిరిగి, అక్కడ నిలబడ్డ ఆడపిల్లని చూసి, "అదిగో, నిజంగానే వచ్చేసింది!" అన్నాడు. నవ్వులే నవ్వులు.

ఆ పిల్ల కూడా మర్యాదకి నవ్వి, పిన్ని బల్ల దగ్గరికి వచ్చింది. చేతి సంచీలోంచి ఉంగరం తీసింది. ఎడమచేత్తోనే తీసింది.

"అమ్మది పిన్నీ. రాయి కదులుతోంది. విప్పి కొత్త గూడు కట్టిపెట్టు, నేను పెట్టుకుంటాను."

చిన్నక్క చెయ్యి చాచింది గాని వేళ్ళు ముడుచుకోలేదు.

"ఎడమక్క ఎవరు పిన్నీ?"

"ఏదో వీళ్ళ సరదా మాటలే. ఎవరూ లేరు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ 'ఎవరూ లేరు' అన్నది కాస్త గట్టిగానే వచ్చింది. మెరుగాయనకి చెవి చురుకు, నోరు ఇంకా చురుకు. వచ్చింది ఎవరో ఆయనకి తెలియదు, పిన్నీ అంటే ఏదో వరసకి పిలుస్తోందనుకున్నాడు. "ఎవరూ లేకపోవడమేంటి? ఉండేదమ్మా ఇక్కడొకావిడ, ఎడమచేతి మనిషి. చందమామలాంటి రాయిని రెండు చెక్కలు చేసి పళ్ళెం అడుగున దాచింది. మీ పిన్నికి స్వయానా అక్క. చేతిలో అంత తేడా! ఒక తల్లి కడుపున పుట్టారంటే నమ్మలేం" అని పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఆ పిల్ల పిన్ని వైపు తిరిగింది. పిన్ని ఏమైనా అంటుందేమోనని చూసింది. పిన్ని ఆకురాయి మీద దుమ్ము దులుపుతోంది.

"మా అమ్మ దాచిందా?" అంది మెల్లగా, పిన్నికి మాత్రమే వినపడేలా. "చెయ్యి జారి పగిలిందనే చెప్పింది నాతో. దాచానని చెప్పలేదు. మా అమ్మ ఏదైనా దాచడం నేనెప్పుడూ చూడలేదు పిన్నీ." ఆగింది. "రేపు వస్తాను. అది నిజమో కాదో నువ్వే చెప్పు. నువ్వు ఎలా చెప్తే అలాగే అనుకుంటాను."

ఆమె వెళ్ళిపోయాక చిన్నక్క ఉంగరాన్ని చెక్క బిగింపులో పెట్టి భూతద్దం కంటికి పెట్టుకుంది. పాతికేళ్ళు అక్క వేలిమీద చూసిందే గాని, దగ్గరగా ఒక్కసారీ చూడలేదు. అడగడానికి ధైర్యం ఉంటేగా!

గూటి అంచు మీద ముందుగా అక్క చెయ్యి కనపడింది. ఎడమచేతి మనిషి నొక్కితే పుల్ల జాడలు ఒక పక్కకి ఒరుగుతాయి, కుడిచేతి మనిషివి రెండో పక్కకి. ఇవి ఎడమవి. ఎదురెదురుగా, ఒద్దికగా, అక్కవి. చిన్నక్కకి అర్థం కాలేదు. ఈ గూడు నొక్కింది తను. తన జాడలేవి?

ఉంగరం ఒక్క పిసరు తిప్పింది. అప్పుడు కనపడ్డాయి. అక్క జాడల అడుగున, సగం చెరిగి, ఇంకో మూడు. ఒకే పక్క, వరసగా, కుడికి ఒరిగి.

ఆ సాయంత్రం అక్క పళ్ళెం సర్దుకుంటూ ఉంగరాన్ని చూసిందన్నమాట. చూడగానే ఎవరిదో తెలిసిందన్నమాట. చెల్లెలి చెయ్యి అక్కకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తెలిసి, మామయ్య కంట పడేలోపు, చెల్లెలి జాడల మీద తన జాడలు నొక్కింది. పగిలిన రాయికి అంత శ్రద్ధగా గూడు నొక్కిన మనిషి ప్రపంచంలో ఇంకొకరు ఉండరు. ఆ తర్వాత పాతికేళ్ళు చెల్లెలింటికి వచ్చి, ఎదురుగా కూర్చుని, నీళ్ళు తాగి, పిల్లల కబుర్లు చెప్పి వెళ్ళింది. ప్రతిసారీ తెలిసే వచ్చింది. తను నోరు విప్పుతుందేమోనని ప్రతిసారీ కొంతసేపు కూర్చుంది కాబోలు. చిన్నక్క గుండె చెరువైంది. అక్క తిట్టినా, కొట్టినా, ఆ ఉంగరం మొహాన విసిరికొట్టినా ఇంతకన్నా తేలిగ్గా ఉండేది.

ఆవిడ అలా ఏడుస్తూనే ఉంది, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. పలచని కత్తి అంచుకింద దూర్చి చుట్టూ లేపాయి. వెనక చిల్లులోంచి పుల్లతో తోసి రాయిని బయటికి తీశాయి. లేచిన గోడని నిటారుగా దిద్ది, మెరుగు పుల్లతో చుట్టూ నున్నగా రుద్దేశాయి. విప్పిన ఏ గూటినైనా అలా సాపు చేసి పక్కన పెట్టడం ఆ చేతుల అలవాటు. కళ్ళు తుడుచుకుని చూసుకునేసరికి గోడ అద్దంలా ఉంది. అక్క జాడా లేదు, తన జాడా లేదు. చూపించడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

ఇది చాలు కదా అని లోపల ఒక గొంతు అంది. సాక్ష్యమే లేనప్పుడు ఎవరడుగుతారు? ఆ పిల్లకి ఏదో సర్దిచెప్పొచ్చు. చిన్నక్కకి ఆ గొంతు బాగా తెలుసు, పంతొమ్మిదో ఏట కూడా అదే మాట్లాడింది. ఆ పూట మొదటిసారి ఆవిడ తల తిప్పి ఎడమపక్కకి చూసింది. ఖాళీ స్టూలు, దానిమీద ఎవరో మడిచి పెట్టిన చేతిగుడ్డ.

మర్నాడు పిల్ల రాగానే చిన్నక్క లేచి నిలబడింది. మామయ్య ఎప్పటిలాగే తలుపు దగ్గర పేము కుర్చీలో ఉన్నాడు. ఎనభై ఆరేళ్ళు, కళ్ళకి పొరలు కమ్మాయి, పని మానేసి చాలా కాలమైనా పొద్దున్నే వచ్చి చప్పుళ్ళు వింటూ కూర్చుంటాడు.

"అందరూ ఒక్క నిమిషం పని ఆపండి" అంది చిన్నక్క. ఆవిడ గొంతు పెంచడం ఎవరూ ఎప్పుడూ వినలేదు, అందుకే ఆపారు. "ఈ అమ్మాయి మా అక్క కూతురు. నిన్న మీరు నవ్వింది వీళ్ళమ్మని. ఆ రాయి మా అక్క పగలగొట్టలేదు. నేను పగలగొట్టాను. తీసుకెళ్ళి అక్క పళ్ళెంలో దాచింది కూడా నేనే."

మెరుగాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎంత మనసమ్మా నీది! పోయినావిడ పేరు నిలబెట్టడానికి నిందంతా నీమీద వేసుకుంటున్నావా? తప్పయిపోయింది తల్లీ," ఇది పిల్లతో, "నువ్వెవరో తెలియక వాగాను."

"మనసూ లేదు, గినసూ లేదు. నేను చెప్పేది నిజం."

"చిన్నక్కా, నీ చేతిలో రాయి పగలడమా? నలుగురూ వింటే నవ్విపోతారు," అన్నాడు అయిదో బల్ల ఆయన. మిగతావాళ్ళు తలలూపారు. ఒకావిడైతే వచ్చి చిన్నక్క భుజం నిమిరింది. ఎంత చెప్పినా అంతే. చెప్తున్నకొద్దీ ఆవిడ ఇంకా గొప్పదైపోతోంది, అక్క ఇంకా దోషి అయిపోతోంది. చిన్నక్కకి అరవాలనిపించింది.

"మామయ్యా, నువ్వైనా చెప్పు."

"పాత సంగతులు ఇప్పుడెందుకే?" అన్నాడు ముసలాయన కుర్చీలో కదిలి. "నాకేం గుర్తులేదు."

పిల్ల అందరినీ ఒక్కొక్కరినే చూసింది. చివరికి పిన్నిని చూసింది. ఆ చూపులో నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు. ఏది రుజువైతే అది ఒప్పుకుందామని చూసే లెక్కల టీచరు చూపు.

చిన్నక్క స్టూలు మీద కూర్చుంది. సొరుగులోంచి తన సొంత చంద్రకాంతం ఒకటి తీసింది, దానికి సరిపడా కట్టి ఉంచిన గూడు తీసింది. రాయి దించి బిగింపులో పెట్టి, ఉక్కు పుల్ల పట్టుకుంది. అందరూ చుట్టూ చేరారు.

మొదటి నొక్కు. రెండోది ఎదురుగా వేయాలని చెయ్యి తనంతట తనే అటు పోయింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. మొదటి నొక్కు పక్కనే రెండోది. దాని పక్కనే మూడోది. "అయ్యయ్యో, అలా కాదక్కా!" అన్నారెవరో. ఆ తప్పు చేయించడానికి ఆవిడ తన చేతితో పోట్లాడాల్సి వచ్చింది. నాలుగోది ఎదుటినుంచి వేసింది.

టప్.

ఈసారి అందరికీ వినపడింది. ఎవరూ ఏమీ అనలేదు.

వెనకనుంచి తోసి రాయి తీసింది. తెల్లగుడ్డ మీద, అక్క ఉంగరంలోని రాయి పక్కన పెట్టింది. రెండూ కోడిగుడ్డు ఆకారం రాళ్ళే. రెండింటికీ పగులు కుడి కింది అంచు దగ్గరే మొదలైంది, ఒకే వాలున నడిమి దాకా పాకింది. ఆ బల్లల మధ్య ముప్ఫై ఏళ్ళు బతికినవాళ్ళకి ఇంకొకరు చదివి చెప్పక్కర్లేదు. మెరుగాయన భూతద్దం తీసి చూసి, ఇంకోసారి చూసి, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చిన్నక్క మొహం వైపు మాత్రం చూడలేకపోయాడు.

"ఇలా తేండి" అన్నాడు మామయ్య.

రెండు రాళ్ళూ ఆయన అరచేతిలో పెట్టారు. బొటనవేలి గోరు ఒకదానిమీద నడిపాడు, రెండోదానిమీద నడిపాడు.

"ఒక చేతివే" అన్నాడు.

"మీకు ఎప్పుడు తెలిసింది తాతయ్యా?" అంది పిల్ల.

ముసలాయన రాళ్ళని అరచేతిలో ఒకసారి దొర్లించాడు. "ఆ పొద్దున్నే. నొక్కు మీద నొక్కుంది. అడుగున కుడిచెయ్యి, పైన ఎడమచెయ్యి. ఇద్దరికీ పని నేర్పినవాణ్ణి, నాకు తెలియదా?"

"తెలిసి మా అమ్మని ఎందుకు లేపేశారు?"

"మీ అమ్మకి భయం లేదమ్మా. పగిలితే పగిలిందనేది. ఇదేమో భయపడి దాచింది. ఇంత భయం పట్టుకున్న చెయ్యి జన్మలో ఇంకో రాయి పగలగొట్టదు. నా బల్లకి అలాంటి చెయ్యే కావాలి." ఆయన గొంతులో పశ్చాత్తాపం లేదు, ఎప్పుడో కుదిరిన మంచి బేరం గురించి చెప్తున్నట్టుంది. "ఏం, తప్పు లెక్క వేశానా? ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కటి పగలగొట్టిందా?"

చిన్నక్క ఇన్నేళ్ళూ పక్కన వచ్చి కూర్చున్నది అక్క అనుకుంది. అక్క ఎప్పుడూ రాలేదు. ఆ స్టూలు వేసి, ఆ భయాన్ని తెచ్చి అక్కడ కూర్చోబెట్టి, రోజూ తలుపు దగ్గర కాపలా కూర్చున్నది ఈయన. తను నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే అక్క బల్ల అక్కకి ఉండేది, ఈయన ఆట ఆనాడే కట్టేది. ఆ ఒక్క మాట ఈయన దాచింది కాదు, తను దాచింది.

"పగలగొట్టాను మామయ్యా" అంది. "ఇప్పుడే. నీ ముందే."

పిల్ల తాతయ్య అరచేతిలోంచి తల్లి రాయిని తీసుకుంది. బల్ల మీదున్న ఉంగరాన్నీ తీసుకుంది. గూడు కట్టమని అడగలేదు, కట్టనా అని అడిగే ధైర్యం చిన్నక్కకి లేదు. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఏడు బల్లలవైపూ చూసింది.

"ఇకమీదట మా అమ్మని పిలవకండి" అంది. "ఆవిడ ఈ మెట్లెక్కి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది."

ఆమె అడుగుల చప్పుడు వీధిలో కలిసిపోయేదాకా హాల్లో ఎవరూ పనిముట్టు ముట్టుకోలేదు.